దేవుడు చెప్పినాడా, టీవీ చెప్పిందా?



సంక్రాంతికి హైదరాబాదు సగం ఖాళీ అయి ఊళ్ళకు బయలుదేరుతుంటే మేము ఎదురు వెళ్ళాము. 2024 జనవరి 13, రెండో శనివారం. కొండాపూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలతో నెలకోసారి జరిగే గృహ కూడిక మీకు తెలిసినదే. కొత్తగూడ దగ్గర హాస్టల్ పైఅంతస్తులో మామూలుగా ముప్పైమంది దాకా కూర్చుంటారు. ఆ రోజు పదకొండుమంది ఉన్నారు. సెలవు దొరకనివాళ్ళు, టికెట్టు దొరకనివాళ్ళు, రాత్రి డ్యూటీవాళ్ళు.

ప్రార్థన ముగిసి టీ తాగుతుండగా ఒక తమ్ముడు తన ఫోన్‌లో ముందురోజు వార్త చూపించాడు. 2016లో కనబడకుండా పోయిన వాయుసేన విమానం ఏఎన్-32వి అనుకుంటున్న ముక్కలు బంగాళాఖాతం అడుగున కనిపించాయట. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరం, 3,400 మీటర్ల లోతు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు, మనిషి లేకుండా నీటి అడుగున తిరిగే యంత్రాన్ని పంపి, సోనార్‌తో వెదికి ఫొటోలు తీశారు. ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ పోయిన దాఖలా లేదు గనుక ఇది అదే అయివుండవచ్చని రక్షణ శాఖ చెప్పింది.

మరచిపోయినవారి కోసం రెండు మాటలు. 2016 జూలై 22 ఉదయం ఆ విమానం తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు లేచింది. లోపల 29 మంది. గంట తిరగకముందే రాడార్‌లో కనబడకుండా పోయింది. సైనిక విమానమే గాని అందులో ఉన్నవారందరూ సైనికులు కారు. ఎనిమిదిమంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే మామూలు ఉద్యోగులు, పని మీద వెళ్తున్నవారు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి, ఉపగ్రహాలు అన్నీ వెదికాయి. సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ అనే పరిశోధక నౌకలు సముద్రం అడుగును గాలించాయి. ఏమీ దొరకలేదు. సెప్టెంబరు 15న, అందరూ మరణించినట్టే భావించాలని నిర్ణయించారు. శరీరాలు లేవు, సమాధులు లేవు.

ఇక మన తమ్ముళ్ళ సంగతి చెప్పాలి. చదువుకున్నవాళ్ళు కదా, ఒక్కొక్కరిదీ ఒక్కో సిద్ధాంతం. ఒకరు హైజాక్ అన్నారు. ఒకరు ఏదో దేశం దించుకుని దాచిందన్నారు. అక్కడినుంచి మలేషియా విమానం మీదికి వెళ్ళారు. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుండి బీజింగ్ వెళ్తూ 239 మందితో మాయమైనది. దానికి పైలట్ కారణమన్నవారొకరు, కాదన్నవారొకరు. ఒక తమ్ముడు మాత్రం, అప్పట్లో ఉపగ్రహ చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టి వెదకమంటే కాలేజీ హాస్టల్‌లో రెండు రాత్రులు కూర్చుని నీళ్ళు తప్ప ఏమీ చూడలేదని చెప్పాడు. అతని మాట మాకు నచ్చింది. అతను కాసేపైనా వెదికాడు.

ఫోన్ మాట కూడా వచ్చింది. 2016లో ఆ విమానంలోని ఒకరి ఫోన్ మోగుతోందని ఇంటివారు చెబితే వార్తల్లో వచ్చింది. మలేషియా విమానంవారి బంధువులూ అలాగే అన్నారు. టెలికాం కంపెనీలో పనిచేసే బిడ్డ ఒకరు దాన్ని విడమరచి చెప్పారు. మనం ఫోన్ చేసినప్పుడు చెవికి వినబడే గంట అవతలి ఫోన్ నుంచి రాదట. నెట్‌వర్కే వినిపిస్తుంది. అవతలి ఫోన్ ఎక్కడుందో ఇంకా వెదుకుతుండగానే ఆ చప్పుడు వినబడవచ్చట. ఇది వినగానే మా గుండె బరువెక్కింది. ఆ గంట విని ఎంతమంది ఆశపడి ఉంటారో.

అప్పటిదాకా మూలన కూర్చుని గ్లాసు తిప్పుతున్న విశాఖపట్నం అమ్మాయి అప్పుడు నోరు తెరిచింది. ఆ ఎనిమిదిమందిలో ఒకరి ఇల్లు వాళ్ళ వీధిలోనేనట. అప్పుడు తను ఇంటర్ చదువుతోంది. "వాళ్ళని మేమే ఎక్కువ బాధపెట్టాం అయ్యగారూ. పాలకి వెళ్తే అడిగాం, గుడికి వెళ్తే అడిగాం. టీవీలో ఏటి వచ్చినా పరిగెత్తుకెళ్ళి చెప్పేసేవాళ్ళం. తర్వాత్తర్వాత వాళ్ళు తలుపు తీయడం మానేశారు."

ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు, మా సంగతి మాకు తెలుసు గనుక.

2009 సెప్టెంబరు 2, బుధవారం. సెమినరీ ముగించి నల్లమల వైపు ఉన్న మన సంఘానికి వచ్చిన కొత్త. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ ఉదయం బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరి వానలో కనబడకుండా పోయింది. క్షేమంగా దిగారనీ, రోడ్డు మార్గాన వెళ్తున్నారనీ పగటిపూట వార్త వచ్చింది. మేము ఆగలేదు. మందిరం మైకు వేసి, దేవుడు మన ప్రార్థన విన్నాడని చెప్పి, స్తోత్రాలు చెల్లించాము. ఊరంతా చప్పట్లు కొట్టింది. సాయంత్రానికి ఆ మాట నిలబడలేదు. రాత్రంతా ఒక్కో ఇంటి ముందు ఒక్కో కథ. మరునాడు ఉదయం పావురాలగుట్ట మీద ఆ ముక్కలు కనబడ్డాయి. ఐదుగురూ పోయారు.

ఆ మధ్యాహ్నం ముందు వరుసలో చాప వేసుకుని కూర్చునే పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "అయ్యా, నిన్న ఆ మాట నీకు దేవుడు చెప్పినాడా, టీవీ చెప్పిందా?"

టీవీ అని చెప్పడానికి మాకు చాలా సేపు పట్టింది. ఆమె ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉంది. ఈ సంగతి ఇంతకుముందు మేము రాయలేదు.

ఆకాశంలో కనబడకుండా పోయినవారి కోసం వెదకడం బైబిల్‌లోనూ ఉంది. రాజులు రెండవ గ్రంథము రెండవ అధ్యాయంలో ఏలీయా ఎత్తబడిన తరువాత, యెరికోలోని ప్రవక్తల శిష్యులు ఆయన ఏ కొండమీదనో లోయలోనో పడివుంటాడేమోనని ఊహించారు. ఎలీషా వద్దన్నాడు. వాళ్ళు వదలలేదు. ఆయన మొగమాటపడి సరేనన్నాడు. యాభైమంది వెళ్ళి మూడు రోజులు వెదికి వట్టి చేతులతో తిరిగి వచ్చారు. కళ్ళారా చూసినవాడు ఎలీషా ఒక్కడే, తక్కువ మాట్లాడినవాడూ ఆయనే. ఆ యాభైమందిని కూడా మేము తప్పుపట్టలేము. వాళ్ళ ఊహకు కాళ్ళున్నాయి, కొండలెక్కి దిగారు. సాగర్ నిధి మీద వారాల తరబడి తెర చూస్తూ కూర్చున్నవారూ, ఏడున్నరేళ్ళ తరువాత యంత్రాన్ని దించినవారూ ఆ యాభైమంది జాతివారే అనిపిస్తుంది. మేము ఆ రోజు మైకు దగ్గరనుంచి కదలనైనా కదలలేదు.

కూడిక ముగిసి చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి వెనకే వచ్చి అడిగింది. "అయ్యగారూ, అది అదే విమానమంటారా? ఇక వాళ్ళకి మనశ్శాంతి దొరుకుతుందంటారా?"

నాలుకమీదికి చాలా మాటలు వచ్చాయి. ఆదరణ వాక్యాలు మాకు కొదువా? "అయివుండవచ్చని రక్షణ శాఖ చెప్పింది తల్లీ. అంతవరకే మాకు తెలుసు" అన్నాము. రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఆమె అక్కడే మెట్లమీద కూర్చుని వాళ్ళమ్మకు ఫోన్ కలిపింది. "అమ్మా, జంతికలు చేశావా? పిన్ని వాళ్ళింటికి పట్టుకెళ్ళు. వార్త గురించి ఏటీ అడక్కు. చెప్పకు కూడా. వాళ్ళు తలుపు తీస్తే కాసేపు కూర్చునిరా."

మరునాడు ఆదివారం ఆరాధన ఉంది గనుక మేము బస్సు కోసం పరుగెత్తాము. పండగ రద్దీ, కర్నూలు దాకా నిలబడే వచ్చాము.