అజంతా పేరు అక్కర్లేని కొండ

ఏలూరు నుంచి తడికలపూడి మీదుగా కామవరపుకోట వైపు వెళ్తుంటే వరిచేలు వెనకబడి మెట్ట మొదలవుతుంది. అంతా పామాయిల్ తోటలు, వాటి నీడన కోకో. జీలకర్రగూడెంలో గుంటుపల్లి గుహల మెట్లెక్కుతుంటే, కొబ్బరిచిప్పలతో దిగుతున్న పెద్దావిడ "ధర్మలింగేశ్వరుడి దగ్గరికేనా బాబూ?" అనడిగారు. ఆవిడ అన్నది నిజానికి బౌద్ధ స్తూపాన్ని.

కొండను గుండ్రంగా తొలిచి, నడిమధ్య స్తూపాన్ని అదే రాతిలో నిలబెట్టారు. చుట్టూ ప్రదక్షిణకు ఇరుకు దారి. క్రీస్తుపూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటి పని ఇది. లోపలికెళ్లి తలెత్తితే గొడుగు ఊచల్లా పరుచుకున్న రాతి వాసాలు కనిపిస్తాయి. కప్పును మోసేది కొండే కాబట్టి ఆ వాసాలతో పని లేదు. అయినా చెక్కారు. గుండ్రటి పూరిళ్లు కట్టిన వడ్రంగుల పనితనాన్ని శిల్పులు రాతిలోకి దించారన్నమాట. ఈ పోకడలో ఇది బీహార్‌లోని బరాబర్ గుహలకు దగ్గర చుట్టం. 'ఆంధ్రా అజంతా' అన్న పేరు వినపడినప్పుడల్లా నాకు చిరాకు. రంగుల బొమ్మల కోసం వచ్చినవాళ్లు నిరాశపడి, ఈ కప్పును చూడకుండానే దిగిపోతారు.

భిక్షువుల గదులు పక్కనే ఉన్నాయి, పెద్దగా చెప్పుకునే అలంకారం లేదు. పైన ఇటుక చైత్యం పునాదులు, బారులు తీరిన చిన్న స్తూపాలు. శిథిల మండపం దగ్గర మాత్రం ఆగాలి. కళింగ రాజు ఖారవేలుడి మహామేఘవాహన వంశానికే చెందిన రాజు సిరిసద పేరు ఇక్కడి స్తంభ శాసనాల్లో ఉంది. మండపాన్ని దానమిచ్చింది మాత్రం రాజు కాదు, ఆయన లేఖకుడు. గుమస్తాల పేరున మిగిలిన కట్టడాలు మనకెన్నున్నాయి?

తర్వాత ఈ సీమను వేంగి రాజధానిగా శాలంకాయనులు ఏలారు. ఆ వేంగే ఏలూరు దగ్గరి నేటి పెదవేగి. 1910లలో పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ గుంటుపల్లి కట్టడాల గురించి రాసేనాటికి ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. తర్వాత పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా.

ఏలూరు నుంచి దూరం 40 కిలోమీటర్లు. ఎండ ముదరకముందే ఎక్కండి, నీళ్ల సీసా, టార్చిలైటు మరవకండి. స్తూపానికి దణ్ణం పెట్టాక ఒకసారి కప్పు మీదికి లైటు వేసి చూడండి.