తిరిగి వెళ్ళే పిల్లల బడి

కిందటేడు మా రెండో అమ్మాయికి సాయంగా ఉందామని సింగపూరు వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. వాళ్ళుండేది క్లెమెంటి అనే పేటలో. మద్రాసులో ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా పనిచేసినదాన్ని కనుక, ఏ ఊరు వెళ్ళినా నా కళ్ళు ముందు బడిపిల్లల మీదికే పోతాయి.

పొద్దున్నే అక్కడి పిల్లలు రకరకాల యూనిఫారాల్లో బస్సుల కోసం నిలబడతారు. వాళ్ళలో కొందరి వీపున మాత్రం పెట్టెలాంటి గట్టి తోలు సంచి కనబడుతుంది. పిల్ల చిన్నది, సంచి పెద్దది. వెనకనుంచి చూస్తే సంచికే కాళ్ళు మొలిచినట్టుంటుంది. వాళ్ళు జపాను పిల్లలు. ఆ సంచిని రాన్‌దొసేరు అంటారు. ఒకటో తరగతిలో చేరేముందు అమ్మమ్మో తాతయ్యో కొనిపెట్టడం అక్కడ ఆనవాయితీ. ఒకసారి కొంటే ఆరో తరగతి దాకా అదే. మన పిల్లలకు ఏడాదికో సంచి కొనే మా అల్లుడికి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను.

పక్క ఫ్లాటులో ఒక జపాను కుటుంబం ఉండేది. ఆయన ఉద్యోగరీత్యా వచ్చాడు. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు అక్కడి జపాను బడికి వెళ్ళేవాడు. రెండోది ఆడపిల్ల, ఇంగ్లీషు బడిలో చదివేది. ఒక్క తల్లి పిల్లలకు రెండు దారులెందుకో నాకు అర్థం కాలేదు. ఆవిడతో లిఫ్టు దగ్గర మొదలైన పరిచయం కాస్త పెరిగాక అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తరువాత నేనూ కొంత చదివి తెలుసుకున్నాను.

జపానులో ఆరేళ్ళ ప్రాథమిక విద్య, మూడేళ్ళ మధ్యమ విద్య నిర్బంధం. పరదేశంలో ఉండే పిల్లల విషయంలో తల్లిదండ్రులకు చట్టప్రకారం ఆ నిర్బంధం లేదు. అయినా ప్రభుత్వం వాళ్ళను వదిలిపెట్టలేదు. యుద్ధం తరువాత మొదటి జపాను బడి 1956లో బాంకాకులో తెరిచారు. సింగపూరులో 1966లో. మన ఢిల్లీలోనూ, బొంబాయిలోనూ ఉన్నాయి. బడి కట్టేదీ నడిపేదీ అక్కడి జపాను వారి సంఘమూ కంపెనీలూ అయితే, ఉపాధ్యాయులను చాలావరకు జపాను విద్యాశాఖ పంపిస్తుంది. వాళ్ళు రెండు మూడేళ్ళుండి తిరిగి తమ ఊరి బడికి పోతారు. పాఠ్యపుస్తకాలు రాయబార కార్యాలయం ద్వారా ఉచితంగా వస్తాయి. బడి ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది, జపానులో లాగే. తరగతి గది పిల్లలే ఊడ్చుకుంటారు. ఆటల పండుగ కూడా ఆ దేశం పద్ధతిలోనే చేస్తారు.

ఇదంతా ఎందుకంటే, ఆ పిల్లవాడు ఏదో ఒకరోజు తిరిగి వెళతాడు. వెళ్ళిన రోజున క్యోటోలోనో ఒసాకాలోనో ఐదో తరగతి బెంచీమీద కూర్చుంటే, పక్కవాడు తెరిచిన పేజీనే వీడూ తెరవగలగాలి. బడి మొత్తం ఆ ఒక్క రోజు కోసం కట్టినట్టుంటుంది.

పంతులమ్మగా నాకు ముచ్చటేసింది. అమ్మమ్మగా కాస్త బెంగా కలిగింది. ఆ కుర్రవాడి పుస్తకంలో ఏప్రిల్ అంటే చెర్రీపూలు, జనవరి అంటే మంచు. కిటికీ బయట మాత్రం పన్నెండు నెలలూ ఒకటే ఎండ, ఒకటే వాన. బడిలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతారు గాని, నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న పిల్లవాడికి చీనా స్నేహితుడు గాని, మలయా స్నేహితుడు గాని, అరవ స్నేహితుడు గాని ఒక్కడూ లేడు. ఆవిడే ఆ మాట అన్నది. అందుకే పిల్లను ఇంగ్లీషు బడిలో వేశారు. వేసినందుకు వేరే ఖరీదు చెల్లిస్తున్నారు. ఆ ఖరీదు పేరు శనివారం.

ఇంగ్లీషు బడికి వెళ్ళే జపాను పిల్లల కోసం అనుబంధ బడులని ఉంటాయి. వారానికి ఒక్కరోజు, చాలాచోట్ల శనివారం. ముఖ్యంగా భాష, కొన్నిచోట్ల లెక్కలు. మన చెన్నైలోనూ బెంగుళూరులోనూ ఉన్నవి ఈ రకం బడులే. వీటిలో చదువు చెప్పేవారు ఎక్కువగా ఆ ఊళ్ళోనే దొరికినవారు, చాలామంది తల్లులే. ఏడాదికి ఇంచుమించు నలభై శనివారాలు. జపానులో ఏడాది పొడుగునా చెప్పే పుస్తకాన్ని ఆ నలభై రోజుల్లో లాగాలి.

ఆ పుస్తకం ఎలాంటిదో చెప్పాలి. వాళ్ళకు హిరగాన, కటకాన అని రెండు వరసలు, ఒక్కొక్కదానిలో 46 మూలాక్షరాలు. అవి ఒకటో తరగతిలోనే వచ్చేస్తాయి. ఆపైన కాంజీ. మన గంజి కాదు లెండి, చీనానుంచి తెచ్చుకున్న బొమ్మలవంటి అక్షరాలు. ఒకటో తరగతిలో 80, రెండులో 160, మూడులో 200, నాలుగులో 202. ఆరో తరగతి అయ్యేసరికి మొత్తం 1,026. ఒక్కొక్కదానికి గీతలు ఏ వరసలో గీయాలో నియమం, రెండు మూడు ఉచ్చారణలు. గుణింతాలు, వత్తులు కష్టమనే మన పిల్లలకు ఇది వినిపించాలి.

కనుక అసలు బడి ఇంట్లోనే. శనివారం ఇచ్చిన కాగితాలు వారమంతా రాయాలి. సాయంత్రం ఆరుకు ఆ పిల్ల బల్ల ముందు కూర్చునేది. ఆవిడ పక్కన కూర్చునేది. గోడ ఇవతల నాకు ఏడుపు వినబడిన రోజులున్నాయి. మూడో తరగతి దాటాక చాలామంది మానేస్తారట. ఆ పిల్ల అప్పుడు సరిగ్గా మూడో తరగతి. శనివారంనాడే తన ఇంగ్లీషు బడి స్నేహితురాళ్ళ పుట్టినరోజులు వస్తున్నాయని దాని ఫిర్యాదు. మాన్పించమని తండ్రి, వద్దని తల్లి. తిరిగి వెళితే అక్కడి పిల్లలు దీన్ని వింతగా చూస్తారని ఆవిడ భయం. అలా తిరిగొచ్చిన పిల్లలకు జపానులో కికోకు షిజో అని ప్రత్యేకంగా పేరే ఉంది. ఒకప్పుడు వాళ్ళను సరిదిద్దవలసిన పిల్లలుగా చూసేవారు. తరువాత కొన్ని విశ్వవిద్యాలయాలు వాళ్ళకు ప్రత్యేక ప్రవేశాలు కూడా పెట్టాయి.

ఒక ఆదివారం వాటర్లూ వీధిలోని కృష్ణుడి గుడికి వెళ్ళాం. పక్కనే చీనావాళ్ళ క్వాన్ ఇమ్ గుడి. అక్కడికి వచ్చిన చీనా భక్తులు మన కృష్ణుడికీ అగరువత్తులు వెలిగించి పోతారు. ఆ వీధిలోనే 155 నంబరు మేడ ఉంది. ఇప్పుడు స్టామ్‌ఫర్డ్ కళాకేంద్రం. దాన్ని 1920 ప్రాంతంలో జపాను పిల్లల ప్రాథమిక పాఠశాల కోసమే కట్టారు. అసలు ఆ బడి 1912లోనే మొదలైంది. దగ్గరలోని మిడిల్ రోడ్డు చుట్టుపక్కల అప్పట్లో జపాను వారి దుకాణాలు, హోటళ్ళు, వైద్యశాలలు ఉండేవి.

1941 డిసెంబరులో యుద్ధం రాగానే బ్రిటిషువారు అక్కడి జపాను పౌరులను నిర్బంధించి, ఓడలెక్కించి మన దేశానికి పంపారు. ఢిల్లీ పురానా ఖిల్లాలో గుడారాలలో ఉంచారు. ఆ తరువాత రాజస్థానులోని దేవలీకి మార్చారు. సంసారాలకు సంసారాలే వచ్చాయి. ఎండలోనూ చలిలోనూ చాలామంది పోయారు. తిరిగి వెళ్ళడానికే సిద్ధమవుతూ చదువుకున్న పిల్లలు కొందరు పురానా ఖిల్లాలో తేలారన్నమాట. ఆ పాతకోట పక్కనుంచి నేనెన్నిసార్లు బస్సులో వెళ్ళానో! ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ మేడ ముందు నిలబడి మా అమ్మాయికి చెబితే అది కాసేపు మాట్లాడలేదు.

మనకు ఈ ఏర్పాట్లు ఏమీ లేవు. హోసూరులోగాని, బళ్ళారిలోగాని, బరంపురం, షోలాపురాలలోగాని ఉన్న మనవాళ్ళు తిరిగి వెళ్ళేవారు కారు. తాతల కాలంనుంచీ అవే మన ఊళ్ళు. పుస్తకాలు పంపే రాయబారీ లేడు. తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక తెలుగు బడుల పిల్లలు పడిన అవస్థ ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. సింగపూరులోనూ అంతే. అక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు లేదు. మా మనవరాలు మాతృభాష అన్నచోట తమిళం రాసి చదువుకుంటోంది. మద్రాసువాళ్ళం కనుక మాకు తమిళం పరాయిది కాదు, కాని అది దాని అమ్మ జోలపాడిన భాష కూడా కాదు.

తిరిగి వెళ్ళే రోజంటూ లేని పిల్లకు ఎందుకు నేర్పాలమ్మా అని మా అమ్మాయి ఒక రాత్రి అడిగింది. మా అత్తగారు రాసిన ఉత్తరాలు బీరువాలో ఓ కట్ట ఉన్నాయి, వాటిని చదివేవాళ్ళు నీ తరువాత ఎవరని అడిగాను. దానికి అది ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. కాని మర్నాడు పక్కింటావిడ దగ్గర ఆ గీతల కాగితం నమూనా ఒకటి అడిగి తెచ్చింది. పెద్ద గడిలో ఒక అక్షరం, పక్కన గీతల వరస, కింద ఖాళీ గడులు, రోజుకు ఒక్క పేజీ. ఆ పద్ధతిలోనే నేను మన అక్షరాలకు కాగితాలు గీశాను. జిరాక్సు తీయించి అరవై పేజీలు పెట్టి వచ్చాను.

ఇప్పుడు వారంవారం ఫోనులో చూపిస్తుంది. గుణింతాల దగ్గరుంది. "ఘ"కు "ఝ"కు మధ్య ఇంకా తడబడుతోంది. పక్కింటి పిల్ల నాలుగో తరగతికి కూడా శనివారం వెళుతోందట.