చిల్కూరు కార్డు

చిల్కూరు బాలాజీ గుళ్లో ప్రదక్షిణలు చేసేవాళ్ల చేతుల్లో అంకెల గళ్లున్న కార్డు కనిపిస్తుంది. మొక్కుకునేటప్పుడు 11 చుట్లు, కోరిక తీరాక 108. వీసా కోసం వచ్చిన ఇంజనీర్లు కూడా లెక్క బుర్రలో పెట్టుకోరు, కార్డు మీద కొట్టేస్తూ పోతారు. వాళ్లకు శ్రద్ధ లేదని ఎవరూ అనరు.

ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం) ఉన్న పెద్దవాళ్లకు రోజంతా ఇలాంటి కార్డే కావాలి. చిన్నప్పుడు బెంచీ మీద కుదురుగా కూర్చోని పిల్లాడు నలభై ఏళ్లకు గెంతులేయడు. మీటింగులో కాలు ఊపుతుంటాడు. ఖాతాలో డబ్బుండీ కరెంటు బిల్లు కట్టడు. నచ్చిన పని దొరికితే అన్నం కూడా గుర్తురాదు. అల్లరి చెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే ఆడపిల్లల సంగతి బడిలో ఎవరికీ పట్టదు. పిల్లాణ్ణి డాక్టరుకు చూపించినప్పుడు, ఆ ప్రశ్నలన్నీ తమనే అడుగుతున్నట్టు ఉలిక్కిపడే తల్లిదండ్రులుంటారు. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా కూడా ఇలాగే దాగి ఉంటుంది: బ్యాంకులో "కళ్లజోడు మర్చిపోయానండీ, కాస్త ఫారం నింపరూ" అనేవాళ్లలో కొందరిది అదే కావచ్చు.

అలాగని రీల్ చూసి తేల్చేసుకోకండి. నిద్రలేమి, థైరాయిడ్, ఆందోళన కూడా ఇలాగే కనిపిస్తాయి. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. అందుకే సైకియాట్రిస్టులు చిన్ననాటి సంగతులు అడుగుతారు, వీలైతే అమ్మనూ అడుగుతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో డిస్లెక్సియా లాంటి లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అయినా మీ కార్డు మీరు అడగొచ్చు: ఆఫీసులో "చెప్పింది కాస్త మెయిల్ చెయ్యండి సార్" అని అడిగి చూడండి, ఏమంటారో.