నాన్న లేత్, నా ఫార్ములా

చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మన బ్యాచుల్లో సగం మంది కథ ఇదే కదా! నా విషయంలో తేడా ఒక్కటే: బాలానగర్‌లో మా నాన్నకి చిన్న లేత్ షాపు ఉంది.

ఆ శనివారం ఇంటికెళ్లేసరికి నాన్న ముఖం వాడిపోయి ఉంది. రెండొందల స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్టులు బుధవారానికి ఇవ్వాలి. షాపు అద్దె వెళ్లేది ఆ పార్టీ ఆర్డర్ల మీదే. టైమ్ లేదని స్పీడ్ పెంచాడు. దాంతో కార్బైడ్ ఇన్సర్ట్‌లు ఎగిరిపోతున్నాయి. ఇన్సర్ట్‌కి నాలుగు కార్నర్లు. ఒక్కోటి పన్నెండు జాబులకే అరిగిపోతోంది. మార్చిన ప్రతిసారీ మళ్లీ సైజు సెట్ చేసుకోవాలి.

"కొంచెం స్పీడ్ తగ్గిద్దాం నాన్నా."

"తగ్గిస్తే బుధవారానికి ఎవడిస్తాడ్రా, మీ మేనేజరా?"

పరీక్షలో నేను బట్టీపట్టి రాసిన టేలర్ సమీకరణం అప్పుడు గుర్తొచ్చింది. ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికన్ 26 ఏళ్ల పాటు, 8 లక్షల పౌండ్లకు పైగా ఇనుము, ఉక్కు కోసి చూసి 1906లో చెప్పిన లెక్క అది. స్పీడ్ పెరిగితే టూల్ అంచు దగ్గర వేడి పెరుగుతుంది, ఆయుష్షు దబ్బున పడిపోతుంది. కార్బైడ్‌కి మామూలుగా వేసే లెక్కలో స్పీడ్ 20 శాతం తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెండున్నర రెట్లు. జాబుకి పట్టే టైమూ పెరుగుతుంది కాబట్టి, జాబుల్లో చూస్తే రెట్టింపు.

40 మిల్లీమీటర్ల రాడ్. 1200 ఆర్‌పీఎం నుంచి 950కి దించాం. కార్నర్‌కి ఇరవై రెండు జాబులొచ్చాయి! టైమ్ పెద్దగా కలిసిరాలేదు గానీ ఇన్సర్ట్‌ల ఖర్చు సగానికి దగ్గరగా పడిపోయింది.

నాకు ఆశ పుట్టింది. ఏకంగా 500కి దించా. స్టీలు ముక్కలు టూల్ అంచుకే అతుక్కుపోయి, జాబు మీద గరుకు గీతలు పడ్డాయి. నాన్న వేలితో తడిమి పక్కన పడేశాడు. స్టెయిన్‌లెస్‌తో స్పీడ్ మరీ తగ్గినా తంటాయే అని ఆ రోజు తెలిసింది.

ఇంకోటి గమనించా. కూలెంట్ పంపు ఎప్పుడో చెడిపోయిందట. పొగ వచ్చినప్పుడల్లా నాన్న సీసాతో కొట్టేవాడు. కాలుతున్న కార్బైడ్ మీద ఆగి ఆగి చల్లటి కూలెంట్ పడితే సన్నటి పగుళ్లొస్తాయి. పోస్తే ధారగా పోయాలి, లేదంటే మానేయాలి. కొత్త పంపు నా షూ కన్నా చవక. ఇన్నాళ్లూ అడగనందుకు సిగ్గేసింది.

ఆదివారం సాయంత్రం జాబు మధ్యలో నాన్న మిషన్ ఆపేశాడు. "కార్నర్ అయిపోయింది" అన్నాడు. నాకేమీ తేడా తెలీలేదు. ఇన్సర్ట్ విప్పి ఫోన్ కెమెరాలో జూమ్ చేశా. అంచు కింద మెరుస్తున్న సన్నటి పట్టీ. పక్కన స్కేలు పెడితే అర మిల్లీమీటర్ కన్నా తక్కువే. పుస్తకంలో హద్దు 0.3.

"ఎలా తెలిసింది?"

"సౌండ్ మారలా?"

షాఫ్టులు బుధవారం రాత్రి తొమ్మిదికి వెళ్లాయి. నేను పాడుచేసిన ఆ ఒక్కటి మాత్రం ఇంకా షాపు కిటికీలోనే ఉంది.