పన్ను నాది, కాగితాలూ నావే

"అలవాటైపోతుంది అంకుల్."

పంటి డాక్టర్ల నోట ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కొత్తగా వేసిన క్యాప్ ఎత్తుగా తగులుతోందంటే, అలవాటైపోతుంది. దానికీ పక్క పంటికీ మధ్య సందులో మెతుకులు ఇరుక్కుని చిగురు వాస్తోందంటే, అలవాటైపోతుంది. ఆ వైపు నమలడమే మానేశాను నాయనా అంటే, "ఈలోగా రెండోవైపు నమలండి, నెమ్మదిగా అలవాటైపోతుంది." ఇంతకీ ఎవరు ఎవరికి అలవాటు పడాలి? అరవై దాటిన నా దవడ నిన్నగాక మొన్న ల్యాబ్ నుంచి వచ్చిన క్యాప్‌కి అలవాటు పడాలా? క్యాప్‌నే కాస్త అరగదీసి దవడకి సరిపెట్టడం ఆయన పని కాదా?

నోటికి ఉన్న పట్టు ఇంతా అంతా కాదు. అన్నంలో ఎంత చిన్న ఇసకరేణువు ఉన్నా పన్ను పట్టేస్తుంది. పైపన్నుకీ కింది పన్నుకీ మధ్య 20 మైక్రాన్ల మందం రేకు పెట్టినా మనిషి పోల్చుకోగలడని దంతవైద్యుల పాఠాలే చెబుతాయి. తలవెంట్రుక అంతకంటే చాలా మందం. అలాంటి నోటితో బతుకుతున్న మనిషి వచ్చి "ఎత్తుగా ఉందండీ" అంటే అది ఉత్త భ్రమ అయ్యే అవకాశం ఎంత?

"నరం తీసేశాం కదా అంకుల్, ఇంక నొప్పెక్కడిది?" అన్నది రెండో మాట. వినడానికి బాగానే ఉంటుంది. రూట్ కెనాల్‌లో తీసేది పంటి లోపలి గుజ్జునీ, అందులోని నరాన్నీ, రక్తనాళాల్నీ. పంటి వేరునీ దవడ ఎముకనీ కలిపి పట్టుకునే సన్నటి నారపొర ఒకటి వేరు చుట్టూ ఉంటుంది. దాన్నెవరూ తీయరు, తీస్తే పన్నే నిలవదు. ఆ పొరకి ప్రాణం ఉంది, స్పర్శ ఉంది. ఎత్తుగా ఉన్న క్యాప్ మీద కొరికినప్పుడల్లా దెబ్బ తగిలేది దానికే. పైగా క్యాప్ సరిచూసేటప్పుడు చాలాచోట్ల మత్తు ఇంకా దిగదు. మొద్దుబారిన దవడతో నీలిరంగు కాగితం కొరికించి, "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతారు. పెదవి ఉందో లేదో తెలియని స్థితిలో మనం తల ఊపుతాం. ఆ ఊపిన తలనే సాక్ష్యంగా రాసుకుంటారు. ఇంటికెళ్ళి, మత్తు దిగి, పెరుగన్నం కలుపుకున్నాక అసలు సంగతి బయటపడుతుంది.

తప్పు జరగడం గురించి నాకు పేచీ లేదు. పంటిపని చాలా కష్టమైన పని. అద్దంలో తిరగబడి కనిపించే చోట, తడిలో, కదిలే నాలుక పక్కన, మిల్లీమీటరులో పదోవంతు లెక్కన చేసే పని అది. చెయ్యి ఎంత మంచిదైనా ఒకోసారి కుదరదు. కుదరలేదని చెప్పినవాణ్ణి వినకపోవడంతోనే నా పేచీ. ఒకసారి చెప్పాలి, సరిచేసే అవకాశం ఇవ్వాలి. అది న్యాయం. అప్పటికీ అలవాటు పాటే పాడితే డాక్టరును మార్చాలి. అదీ న్యాయమే.

కానీ మార్చడం మనవాళ్ళకి ఎంత కష్టమో! జాకెట్టు బిగుతైతే దర్జీ దగ్గరికి వెళ్ళి కుట్లు విప్పించుకుంటాం, నచ్చకపోతే మరుసటి పండక్కి ఇంకో దర్జీని చూసుకుంటాం. ఎవరూ ఏమీ అనుకోరు. పంటి డాక్టరు దగ్గరికొచ్చేసరికి మాట పెగలదు. ఎందుకంటే ఆ డాక్టరును మనం ఎంచుకోలేదు. బావమరిది చెప్పాడు. లేదా వియ్యంకుడి తమ్ముడి కొడుకు క్లాస్‌మేటు. "మావాడే అన్నయ్యా, నా పేరు చెప్పు, తగ్గించి తీసుకుంటాడు" అని పంపిస్తారు. ఇప్పుడు డాక్టరును మారిస్తే బావమరిది మాట తీసేసినట్టు. వచ్చే శుభకార్యంలో ఆయన మొహం చూడాలి. అందుకని సంవత్సరాల తరబడి ఒకవైపే నములుతూ, "బానే ఉందిరా, మీవాడు బాగా చేశాడు" అని చెబుతూ గడిపేసినవాళ్ళు నా చుట్టాల్లోనే ఉన్నారు. మొహమాటం కోసం దవడ ధారపోసిన జాతి మనది.

పైగా ముందే డబ్బు కట్టేసి ఉంటాం. రూట్ కెనాల్, క్యాప్ కలిపి ప్యాకేజీ. కట్టిన డబ్బు గుర్తొచ్చి కాళ్ళు మళ్ళీ అటే నడుస్తాయి.

నేను మాత్రం అడిగేశాను. కౌంటరు దగ్గర కూచున్న అమ్మాయితో, "నా ఎక్స్‌రేలు, చేసిన పని వివరాలు కావాలమ్మా" అన్నాను.

"ఎందుకండీ?"

"ఇంకోచోట చూపించుకుందామని."

ఆ అమ్మాయి కీబోర్డు మీద చేతులు ఆపేసి నా వైపు చూసింది. కుర్చీల్లో కూచున్నవాళ్ళు చేతుల్లో ఫోన్లు దించారు. "సార్‌ని అడగాలండీ" అని లోపలికి వెళ్ళింది. లోపల్నించి డాక్టరే వచ్చాడు. "మా మీద నమ్మకం లేదా అంకుల్?" అన్నాడు. కుర్రాడు మంచివాడే, మాటలో నొచ్చుకున్నట్టుంది. నమ్మకం ప్రస్తావన ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. నేను అడిగింది నా దవడ బొమ్మ. చివరికి "సిస్టంలో ఉంది, ప్రింట్ రాదు" అన్నారు. ఫోనుకి పంపమన్నాను. "చూస్తామండీ" అన్నారు. పట్టువదలకుండా నిలబడితే గానీ రాలేదు.

ఆ బొమ్మ నాది కాకపోతే ఎవరిది? 1895 చివర్లో రంట్‌జెన్ ఎక్స్‌కిరణాల సంగతి లోకానికి చెప్పాడు. 1896 జనవరిలోనే జర్మనీలో ఓటో వాల్కోఫ్ అనే దంతవైద్యుడు తన నోట్లోనే ఫలక పెట్టుకుని, 25 నిమిషాలు కదలకుండా ఉండి, తన పళ్ళ బొమ్మ తీయించుకున్నాడు. పంటి ఎక్స్‌రే పుట్టిందే అలా, సొంత నోటితో. ఇప్పుడు సెన్సర్ పెట్టి ఒక్క క్షణంలో తీసి తెరమీద చూపిస్తారు, దాన్ని మన చేతికివ్వడానికి మాత్రం వెయ్యి ఆలోచనలు.

చట్టం సంగతి చెప్పాలంటే అది రోగి వైపే ఉంది. 2002లో భారత వైద్య మండలి డాక్టర్లకు పెట్టిన నియమావళి ప్రకారం, రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రికార్డులు పొందడమూ, రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడమూ హక్కులుగానే రాశారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. కానీ చట్టం పేరెత్తి డాక్టరుతో మాట్లాడాల్సిరావడమే నాకు బాధగా ఉంటుంది. అడగకముందే కాగితం చేతిలో పెట్టిన డాక్టరును నేను చూశాను కాబట్టి.

నా చిన్నప్పుడు రాజమండ్రిలో, కోటగుమ్మం దగ్గర ఒక మేడమీద ఉండేవాడాయన. చెక్కమెట్లు ఎక్కి వెళ్ళాలి. గుమ్మంలోకి వెళ్ళేసరికి లవంగనూనె వాసన. టేబుల్ అద్దం కింద ఫోటో ఒకటుండేది. ఎవరని మా అమ్మ అడిగితే, "రఫీయుద్దీన్ అహ్మద్ గారమ్మా, 1920లో కలకత్తాలో మన దేశపు మొదటి పళ్ళ కాలేజీ పెట్టిన మహానుభావుడు" అని చెప్పాడు. గోడకానించి ఒక చెక్కబీరువా. దాన్నిండా కార్డులు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక కార్డు, దాని మీద పై వరస, కింది వరస పళ్ళ బొమ్మలు. ఏ పంటికి ఏం చేశాడో ఎర్రసిరాతో గుర్తుపెట్టి, పక్కన తేదీ, కింద రెండు ముక్కలు. ఎక్స్‌రే తీస్తే ఆ చిన్న ఫిల్మును చీకటిగదిలో కడిగి, క్లిప్పుకి తగిలించి ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టి మన చేతికే ఇచ్చేవాడు. "ఇంట్లో జాగ్రత్త పెట్టుకోండి, నేను లేకపోయినా ఎవరికైనా పనికొస్తుంది" అనేవాడు.

అమ్మకి పైదవడ మొదటి నములుపన్ను పోటు. ఆయన రూట్ కెనాల్ చేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. ఆ పంటికి మామూలుగా మూడు వేళ్ళు, కానీ లోపల దారులు చాలామందికి నాలుగు. ఆ నాలుగోది వెంట్రుకంత, మొదటి దారి పక్కనే నక్కి ఉంటుంది. అది దొరక్కపోతే అందులో మిగిలిన చీము మళ్ళీ మళ్ళీ సలుపుతుంది. ఈ సంగతంతా ఆయన అమ్మకి కార్డు వెనక బొమ్మ గీసి చెప్పాడు. చెప్పి, "ఆ దారి నాకు దొరకలేదమ్మా. కాకినాడలో నాకంటే ఓపికగా వెతికేవాడున్నాడు" అని ఉత్తరం రాశాడు. ఏ రోజు ఏం చేశాడో, ఎంత లోతు వెళ్ళాడో, ఎక్కడ ఆగిపోయాడో అన్నీ అందులో ఉన్నాయి. కవరులో ఎక్స్‌రేలు పెట్టాడు. మా దగ్గర తీసుకున్న డబ్బులో కొంత తిరిగి ఇచ్చేశాడు, అమ్మ వద్దంటున్నా వినలేదు.

కాకినాడ ఆయన ఆ ఉత్తరం చదివి, "ఇంత వివరంగా రాశాక నాకు పని సగమే మిగిలిందమ్మా" అన్నాడు. "ఎవరు చేశారండీ ఇది?" అని నాలుక చప్పరించలేదు. ఈ రోజుల్లో డాక్టరు మారితే మొదట వినబడేది ఆ చప్పరింతే. వెనకటివాణ్ణి తక్కువ చేస్తే తన మీద గురి కుదురుతుందని కాబోలు. నాకు మాత్రం అక్కడే గురి పోతుంది. రేపు నేను ఇంకో గడప ఎక్కితే నీ పనిని చూసి ఇంకొకడు చప్పరిస్తాడు కదా!

ఆ రాజమండ్రి డాక్టరు దగ్గరికి అమ్మ మానలేదు సరికదా, మా వీధి వీధంతా ఆయన దగ్గరికే వెళ్ళేది. మిగతా పళ్ళన్నీ జీవితాంతం ఆయనే చూశాడు. రోగిని వదులుకోవడం తెలిసినవాడి దగ్గరికే రోగి తిరిగొస్తాడు.

అందుకే నాకంటే చిన్నవాళ్ళకి నేను చెబుతుంటాను. డాక్టరును మార్చాలనుకుంటే దొంగచాటుగా మానేయకండి. వెళ్ళి నెమ్మదిగా చెప్పండి. చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రే, తరవాత తీసినది, రెండూ అడగండి. ఏ పంటికి చేశారో, క్యాప్ జిర్కోనియానా, మెటల్ మీద సిరామిక్కా రాయించుకోండి. వారంటీ కార్డు ఉంటే తీసుకోండి. చేసిన పనికి బాకీ ఉంటే కట్టి బిల్లు తీసుకోండి. కొత్తాయన దగ్గర పాతాయన్ని తిట్టకండి. ఎక్కడ నొప్పో, ఏం తింటే నొప్పో అది చెప్పండి చాలు.

ఏం తింటే అన్నది మాత్రం దాచకుండా చెప్పండి. నన్ను అన్నిటికంటే నొప్పించిన మాట అక్కడే వచ్చింది. "గట్టివి మానేయండి అంకుల్, ఆవకాయ టెంకలు అవీ కొరక్కండి" అన్నాడా కుర్రాడు. ఆవకాయ టెంక లేకపోతే ఇంక పన్ను ఎందుకు? టెంకని పటపట విరిచెయ్యమని నేననను. దాన్ని బుగ్గన పెట్టుకుని, అంటుకున్న కండని పళ్ళతో గీరుతూ, పీచులో దాగిన ఆవఘాటునీ నూనెనీ కొంచెం కొంచెంగా లాక్కోవాలి. వేడి అన్నం అయిపోయాక, చెయ్యి కడుక్కోబోయేముందు, ఆ కాసేపూ ఎవరూ పిలవకూడదు. మా నాన్న భోజనం పూర్తయిందనడానికి గుర్తు కంచం అంచున తెల్లగా తేలిన టెంకే.

ఇప్పుడు కొట్లలో సీసాల్లో అమ్మే ఆవకాయ చూస్తున్నాను. టెంక లేని మెత్తటి ముక్కలు, చెంచాతో తినడానికి వీలుగా. నెల తిరక్కుండా పులుసులో కరిగిపోయే ముక్కలు. ఏడాదిపాటు ముక్క గట్టిగా నిలబడేది టెంక ఉండబట్టే. అందుకే పుల్లటి కాయ, పీచున్న కాయ, టెంక ముదిరిన కాయ కావాలి. జలాలు దొరికితే మరీ మంచిది, లేకపోతే చిన్నరసాలు. నీళ్ళలో కడిగి, తడి లేకుండా తుడిచి, కొట్టాక లోపలి జీడి తీసి, టెంకకి అంటుకున్న పల్చటి పొర ఒలిచి, ఒక్కో ముక్కనీ గుడ్డతో తుడవాలి. ఆవపిండి ఎండబెట్టి కొట్టినదై ఉండాలి, నూనె పప్పునూనే కావాలి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఊట ముక్కని ముంచి పైకి తేలితే ఆ జాడీకి ఢోకా లేదు. ముక్కలు కొట్టేవాడికి తొందరెక్కువ, మే నెలలో వాడి ముందు వరస కూడా పెద్దది. అయినా మీరు పక్కనే నిలబడండి. ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కొట్టమనండి. టెంక ఊడిన ముక్క పడితే పక్కకి తీయించండి, వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నా సరే.