సీసీఎల్5 పిలుపు: బత్తలపల్లి ఆసుపత్రిలో ఒక పూట

అనంతపురంలో కదిరి బస్సెక్కితే దారికి రెండు పక్కలా వేరుశనగ చేలే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే నేల. బత్తలపల్లిలో దిగి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి దాకా నడిచాను. 2022లో జిల్లాలు విడదీశాక ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. 1969లో అనంతపురం వచ్చి ఆర్‌డీటీని నిలబెట్టిన ఫాదర్ విసెంట్ ఫెర్రర్ సమాధి ఇక్కడే ఉంది.

హెచ్‌ఐవీ, టీబీ రెండూ ఉన్నవాళ్లకు ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఆసుపత్రి ఇది. ఇక్కడి రోగుల వివరాలతో సాగిన విసెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ కోహార్ట్ అధ్యయనం నుంచి అంతర్జాతీయ పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. పుస్తకాల్లో చదివిన కీమోకైన్లు, అంటే కణాలను పిలిచే చిన్న ప్రోటీన్లు, మనిషి ఒంట్లో ఏం చేస్తాయో చూద్దామని వచ్చాను.

ఓపీలో ఒక అక్క మెడ మీది గడ్డ చూపిస్తోంది. "టీబీ మందుకు బాగయితి సార్. హెచ్‌ఐవీ మాత్రలు మొదలుపెట్టినాంక జ్వరమొచ్చె, గడ్డ లేచె. మందు పడలేదేమో, మానేద్దామా అనుకుంటి."

"మానొద్దమ్మా" అన్నారు డాక్టరు. "నీ ఒంట్లో బలం తిరిగొస్తోంది. దాని గొడవే ఇది."

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. అలాంటి గొడవకు కణాలను పిలిచే కీమోకైన్లలో ఒకదాని జన్యువు, సీసీఎల్5, మన 17వ క్రోమోజోమ్ మీద ఉంది. అది చేయించే ప్రోటీన్ 68 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పాత పేరు రాంటెస్. క్రిమి చొరబడిన చోట కణాలు దాన్ని వదులుతాయి. ఊళ్లో దండోరా వేసినట్టే: ఆ చప్పుడు వినే చెవి ఉన్న టీ కణాలు, మోనోసైట్లు రక్తనాళం దాటి అక్కడికి చేరతాయి. ఎర్రదనం, వాపు, నొప్పికి ఆ గుంపు చేరడమూ ఒక కారణం.

ఆ చెవి పేరు సీసీఆర్5. హెచ్‌ఐవీ కణంలోకి దూరేది కూడా దాన్ని పట్టుకునే. సీసీఎల్5, దాని తోటి కీమోకైన్లు రెండు కలిసి వైరస్‌ను అడ్డుకుంటాయని 1995లో రాబర్ట్ గాలో బృందం చూపించింది. కారణం మరుసటి ఏడాది తేలింది: చెవిలో కీమోకైన్ కూర్చుంటే వైరస్‌కు చోటుండదు. అయితే ఇదే పిలుపు వైరస్ ఉన్న చోటికి కొత్త సీడీ4 టీ కణాలనూ రప్పిస్తుంది, అవి దానికి మేత అవుతాయి. కాపాడేదీ ముప్పు తెచ్చేదీ ఒకే జన్యువు కావడం నన్ను నిజంగా కలవరపెట్టింది.

ఉత్తర యూరప్‌లో కొందరికి సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఉండదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అలాంటి జన్యువే వచ్చినవాళ్లకు హెచ్‌ఐవీ సోకడం చాలా అరుదు. మన దేశంలో ఆ లోపం దాదాపు కనిపించదు, ఇక్కడ ఎక్కువగా తిరిగే సి రకం వైరస్ ప్రధానంగా వాడుకునేదేమో సీసీఆర్5నే. బత్తలపల్లికి వచ్చేవాళ్లను నిలబెట్టేది అదృష్టపు జన్యువు కాదు. రోజూ తప్పకుండా వేసుకునే మాత్ర.

ఇక ఆ అక్క గడ్డ సంగతి. మాత్రలతో వైరస్ అణిగి సీడీ4 కణాలు పెరిగాక, అంతవరకు పట్టించుకునే దిక్కులేని టీబీ క్రిములు, వాటి శకలాలు శరీరం కంట పడతాయి. కీమోకైన్లూ ఇతర సైటోకైన్లూ (రోగనిరోధక సంకేత ప్రోటీన్లు) ఒక్కసారిగా ఎగసి గుంపును పిలుస్తాయి. ఐరిస్ (IRIS) అంటారు దీన్ని. సాధారణంగా మందులు మాన్పించరు. అవసరమైతే వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తారు.

ఇంత భయం ఉన్నా, టీబీ మందులు మొదలైన రెండు వారాల్లోపే హెచ్‌ఐవీ మాత్రలూ మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదం. మెదడు పొరలకు టీబీ సోకినప్పుడు మాత్రం నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు. మెడ మీద గడ్డ లేస్తే చర్మం సాగుతుంది, పుర్రె సాగదు.