బియ్యము, పిండిపదార్థము, మధుమేహము

పదవీ విరమణ తర్వాత నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న మందుల గురించి కాదు, అన్నము గురించి. "డాక్టరు గారూ, నాకు షుగరు వచ్చింది. అన్నము మానెయ్యాలా?" అని అడుగుతారు. దీనికి అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో చెప్పలేను. ఎందుకంటే బియ్యములన్నీ ఒక్కటి కావు. ఆ తేడాను కొలిచి చూపిన శాస్త్రవేత్తలలో ముఖ్యుడు ఫిలిప్పీన్స్ దేశపు ధాన్య రసాయన శాస్త్రవేత్త బియెన్‌వెనీడో హులియానో.

ఆయన 1961లో ఆ దేశములోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చేరి మూడు దశాబ్దాలు పనిచేశారు. ఆ సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్-8 వంగడము మన పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి పేరు పొందారు. దిగుబడి బాగా పెరిగింది. కాని అన్నము చల్లారితే గట్టిపడేది. గాదెలు నిండినా, కంచములో అన్నము చాలామందికి రుచించలేదు.

దీనికి కారణము గింజలోని పిండిపదార్థములోనే ఉంది. పిండిపదార్థము గ్లూకోజు అణువులు వరుసగా కలిసి ఏర్పడిన గొలుసు. అందులో రెండు రకములు. కొమ్మలు దాదాపు లేకుండా సాగిన పొడవైన గొలుసు అమైలోస్. చెట్టు వలె కొమ్మలు వేసినది అమైలోపెక్టిన్. అయొడిన్ కలిపితే అమైలోస్ నీలిరంగుకు మారుతుంది. ఆ రంగు గాఢతను బట్టి అమైలోస్ శాతమును తేలికగా కొలిచే పద్ధతిని హులియానో 1971లో ప్రకటించారు. అమైలోస్ 20 శాతము లోపు ఉంటే తక్కువ, 20 నుంచి 25 వరకు మధ్యస్థము, 25 దాటితే ఎక్కువ. తక్కువగా ఉన్న బియ్యము మెత్తగా, జిగురుగా ఉడుకుతుంది. ఎక్కువగా ఉన్నది పొడిపొడిగా ఉండి, చల్లారితే గట్టిపడుతుంది. ఐఆర్-8 ఈ చివరి తరగతికి చెందినది. పాత బియ్యము కూడా పొడిపొడిగా ఉడుకుతుంది గాని, అది నిలవ ఉండడము వలన కలిగే మార్పు. దానిని బట్టి అమైలోస్ పెరిగిందని అనుకోకూడదు.

ఇది రుచికి సంబంధించిన విషయము మాత్రమే కాదు. కొమ్మలు ఎక్కువగా ఉన్న పిండిపదార్థమును జీర్ణరసములు త్వరగా ఛేదిస్తాయి. రక్తములో గ్లూకోజు కూడా త్వరగా పెరుగుతుంది. అమైలోస్ ఎక్కువగా ఉన్న బియ్యము సాధారణముగా కొంత నిదానముగా జీర్ణమవుతుంది. ఏ ఆహారము రక్తములో గ్లూకోజును ఎంత పెంచుతుందో పోల్చి చూపే గ్లైసీమిక్ సూచికను డేవిడ్ జెంకిన్స్ బృందము 1981లో ప్రతిపాదించింది. అయితే అమైలోస్ ఒక్కటే అంతా నిర్ణయించదు. అమైలోస్ ఒకే స్థాయిలో ఉన్న వరి రకములలో కూడా జీర్ణమయ్యే వేగము వేరువేరుగా ఉన్నట్లు, హులియానో సహరచయితగా 1991లో వెలువడిన పరిశోధన తెలిపింది. తన కొలమానమునకు ఉన్న పరిమితిని తానే చూపిన ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది.

పాఠకులారా, ఈ వివరములన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అన్నము గురించిన భయము ప్రాణము మీదకు తేవడము నేను చూశాను. నేను తాలూకా ఆసుపత్రిలో ఉన్న రోజులలో, ఒక తెల్లవారుజామున వ్యవసాయ కూలీ అయిన ఒక వృద్ధురాలిని స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు. రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోయింది. అన్నము విషమని ఎవరో చెబితే ఆమె రాత్రి భోజనము మానేసి, గ్లైబెన్‌క్లమైడ్ మాత్ర మాత్రము వేసుకున్నది. సిరకు గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి కళ్లు తెరిచి, "అయ్యా, అన్నము తినొచ్చునా?" అని అడిగింది. ఆమెను పడగొట్టినది అన్నము కాదు, అన్నము లేకపోవడము.

అన్నము మానినవారిలో చాలామంది దాని స్థానములో మెత్తని పిండితో కాచిన జావ, బిస్కట్లు, పండ్ల రసములు తీసుకుంటారు. గింజను మెత్తగా విసిరి, బాగా ఉడికించే కొద్దీ అది వేగముగా జీర్ణమవుతుంది. పండ్ల విషయము కూడా ఇంతే. పచ్చి అరటికాయలో ఎక్కువగా పిండిపదార్థము ఉంటుంది, పండితే అది చక్కెరలుగా మారుతుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరములో హీటన్ బృందము 1977లో ప్రకటించిన పరిశీలనలో, ఆపిల్ పండు తిన్నప్పటి కంటే రసము తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువ పెరిగింది, ఆకలి తక్కువ తీరింది. పండు అదే, మారినది రూపము.

కనుక మధుమేహము ఉన్నవారికి నా సలహాలు ఇవి. అన్నము మానవద్దు, కొలిచి తినండి. కంచములో సగము కూరలు ఉండనివ్వండి, పప్పు తప్పనిసరిగా చేర్చండి. అన్నమును మరీ మెత్తగా ఉడికించవద్దు. రసమునకు బదులు పండును నమిలి తినండి. ఏ బియ్యము మీకు పడుతుందో తెలుసుకోవాలంటే, భోజనము చేసిన రెండు గంటల తర్వాత చక్కెర పరీక్షించుకోండి. సంచి మీద రాసిన మాటల కంటే ఆ అంకె నమ్మదగినది. అన్నము తగ్గించదలచుకుంటే ముందుగా మీ వైద్యునితో మాత్రల మోతాదు గురించి మాట్లాడండి. ఇన్సులిన్, లేక గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు పూట భోజనము ఎన్నడూ ఎగవేయరాదు.